ఖండాల మధ్య అబ్రాము ఎందుకు నడవలేదు?

గుడారపు_త్రాడు
ఆదికాండము 15వ అధ్యాయాన్ని ఈ నెలలో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతున్నాను. సంతానాన్నీ దేశాన్నీ ఇస్తానని వాగ్దానం చేసిన దేవుడు చెప్పినట్టే అబ్రాము (తరువాతి అబ్రాహాము) మూడేళ్ల పెయ్యను, మూడేళ్ల మేకను, మూడేళ్ల పొట్టేలును నడిమికి ఖండించి, ఆ ఖండాలను ఎదురెదురుగా పేర్చాడు. తెల్ల గువ్వను, పావురపు పిల్లను మాత్రం ఖండించలేదు. కళేబరాల మీద వాలిన గద్దలను తోలుతూ కాపలా కూడా తానే కాశాడు. తీరా ప్రొద్దు గ్రుంకేసరికి అతనికి గాఢనిద్ర పట్టింది. కటిక చీకట్లో ఆ ఖండాల మధ్య నడిచిపోయినవి దేవుని సన్నిధికి గుర్తులైన రాజుచున్న పొయ్యి, అగ్నిజ్వాల మాత్రమే. అబ్రాము నడవలేదు.

ఒక్క పక్షమే నడిచిన నిబంధనలో రెండో పక్షానికి ఉన్న బాధ్యత ఏమిటి? ఏమీ లేదనుకుందామంటే, 22వ అధ్యాయంలో, కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోయిన అబ్రాహామును ఆపి, మోరీయా కొండ మీద "యీ కార్యము చేసినందున" నిన్ను ఆశీర్వదిస్తానని దేవుడు అంటున్నాడు. ముందు ఉచితంగా ఇచ్చినదానికి తరువాత వెల కట్టినట్టు కాదా? నేను వినే ప్రసంగాలన్నీ "నీవు ఇస్తే ఆయన ఇస్తాడు" అన్న వరసలోనే సాగుతున్నాయి. తెలిసినవారు విడమరచి చెప్పండి.

బెరీత్_విద్యార్థి
హీబ్రూలో నిబంధనను "చేయరు", "కోస్తారు". 15:18లో ఉన్న క్రియ "కారత్", అంటే కోయడం, నరకడం. "నిబంధన చేసెను" అని తెలుగులో చదువుకొనేటప్పుడు ఆ కత్తి మన కంటికి కనిపించదు.

ఈ ఆచారానికి అర్థం యిర్మీయా 34వ అధ్యాయంలో దొరుకుతుంది. యూదా రాజు సిద్కియా కాలంలో యెరూషలేము పెద్దలు దూడను రెండుగా కోసి, ఆ భాగాల మధ్య నడిచి, తమ హీబ్రూ దాసులను విడుదల చేస్తామని ఒప్పుకొన్నారు. తరువాత మాట తప్పి వారినే మళ్లీ దాసులుగా పట్టుకొన్నారు. అందుకే వారి కళేబరాలు పక్షులకూ మృగాలకూ ఆహారమవుతాయని ప్రవక్త తీర్పు చెప్పాడు. సిరియాలోని సెఫీరేలో దొరికిన క్రీ.పూ. 8వ శతాబ్దపు అరామిక్ ఒప్పంద శాసనంలో కూడా, ఈ దూడను కోసినట్టే మాట తప్పిన రాజును కోయుదురు గాక అనే శాపం ఉంది. ఖండాల మధ్య నడవడమంటే, మాట తప్పితే తనకూ ఆ గతే పట్టాలని ఒప్పుకోవడం. ఆదికాండము 15లో ఆ శాపానికి తలవంచినది దేవుడు ఒక్కడే.

అనుమాన_తోమా
గాఢనిద్రలో ఉన్నవాడితో చేయించుకొన్న ఒప్పందం ఏ న్యాయస్థానంలోనూ నిలబడదని ఒక న్యాయవాదిగా నేను మనవి చేసుకొంటున్నాను.

నాలుగో_వరుస
తోమా, అతనితో ఏదీ చేయించుకోలేదు కదా, విషయమంతా అక్కడే ఉంది. ఒప్పందం నిలబడడానికి అతని సంతకం అవసరం లేకుండా చేయడం కోసమే అతన్ని నిద్రపుచ్చారని నా అభిప్రాయం.

మేడగది
ఇంత తేలికగా ముగించడానికి నేను ఒప్పుకోను. 17వ అధ్యాయంలో సున్నతి ఆజ్ఞ వచ్చింది; సున్నతి పొందనివాడు తన జనులలోనుండి కొట్టివేయబడతాడని 14వ వచనం చెబుతుంది. బెరీత్ గారు చెప్పిన "కారత్" అనే ధాతువే అక్కడ కూడా ఉంది: నిబంధన కోయడం, నిబంధనలోనుండి కోసివేయడం, రెంటికీ ఒకటే మాట. 26:5లో, అబ్రాహాము నా మాట విన్నాడు గనుక అని దేవుడు ఇస్సాకుతో మరొకసారి గుర్తు చేశాడు. ఇక సీనాయి దగ్గర మోషే రక్తంలో సగం బలిపీఠం మీద, సగం ప్రజల మీద ప్రోక్షించాడు (నిర్గమ 24). అక్కడ రెండు పక్షాల మీదా రక్తం పడింది. బాధ్యత లేని నిబంధన అని బోధిస్తే, విధేయత కోరే సగం వాక్యాన్ని చించి పారవేసినట్టే.

నాలుగో_వరుస
ఆ ప్రజలే "మేము చేయుచు విధేయులమై యుందుము" అని ఒట్టు పెట్టుకొని, 32వ అధ్యాయానికల్లా బంగారు దూడ చుట్టూ ఆడారు. మన పక్షం నడక ఎంత దూరం సాగుతుందో అక్కడే తెలిసింది.

పాత_బైండు
మన తెలుగు మాట కూడా కొంత చిక్కు తెచ్చిపెడుతోంది. వాడుకలో "నిబంధన" అంటే షరతు అనే అర్థం స్థిరపడిపోయింది. ఏ ప్రకటన చివర చూసినా "నిబంధనలు వర్తిస్తాయి" అనే ఉంటుంది. "కొత్త నిబంధన" అన్న మాట మొదటిసారి విన్నవారు కొత్త షరతు ఏదో వచ్చిందనుకొంటే వారి తప్పేమీ లేదు. పాత నిబంధనను గ్రీకులోకి మార్చినవారు ఇద్దరు సమానుల ఒడంబడికకు వాడే "సుంథేకే"ను ప్రక్కన పెట్టి, వీలునామాకు వాడే "దియాథేకే"ను ఎంచుకొన్నారు. హెబ్రీ 9:16లో మన తెలుగు బైబిలు దానినే "మరణశాసనము" అని అనువదించింది. వీలునామా వ్రాసేవాడు ఒక్కడే, అందుకొనేవాడు బేరమాడడు.

అనుమాన_తోమా
వారసులు బేరమాడరని అంటున్న పాత బైండు గారు వీలునామా చదివే గదిలో ఎప్పుడూ కూర్చోలేదని స్పష్టమవుతోంది.

నాలుగో_వరుస
వయసుల లెక్క ఒకసారి చూడండి. "అతడు యెహోవాను నమ్మెను, ఆయన అది అతనికి నీతిగా ఎంచెను" అన్నది 15:6. ఇష్మాయేలు పుట్టేనాటికి అబ్రాముకు 86 ఏళ్లు, సున్నతి నాటికి 99. కనీసం పదమూడేళ్లు ముందే నీతి ఎంచబడింది. క్రియల వలన కాదు, విశ్వాసం వలననే నీతి అన్న తన వాదాన్ని పౌలు రోమా 4లో ఈ వరుస మీదనే కట్టాడు. క్రియలు లేని విశ్వాసం మృతమనే యాకోబు పత్రిక పట్టుకొన్నది 22వ అధ్యాయాన్ని, అంటే ఇస్సాకు కట్టెలు మోయగలిగినంత పెద్దవాడైన తరువాతి సంఘటనను. ఒకే మనిషి జీవితంలో ఒకరు మొదలును, మరొకరు పంటను చూపించారు. ఈ రెంటినీ పొసగనివిగా చూసి జర్మన్ సంస్కర్త లూథరు 1522లో యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. లూథరన్లు, కతోలికులు ఆగ్స్‌బర్గులో నీతిమత్వం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేసేసరికి 1999 వచ్చింది.

బెరీత్_విద్యార్థి
15:6లో "నమ్మెను" అన్న చోట ఉన్నది "హెఎమీన్". మనం ప్రార్థన చివర పలికే "ఆమేన్" కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. ఒక సంగతి నిజమని తలలో ఒప్పుకోవడం కన్నా, కదలనిదాని మీద బరువంతా మోపి నిలబడడం ఆ మాటకు దగ్గరి అర్థం. అందువల్ల విశ్వాసాన్ని మన వాటాగా చెల్లించే రుసుముగా లెక్కించడం నాకు సరికాదనిపిస్తుంది. గోడకు ఆనుకొన్నవాడు గోడను కట్టినట్టు కాదు.

గుడారపు_త్రాడు
ఇవన్నీ ఉపయోగంగా ఉన్నాయి, అయితే నా ప్రశ్నలో సగం అలాగే ఉండిపోయింది. "యీ కార్యము చేసినందున" అన్న మాటను ఏం చేద్దాం? ఇస్సాకును ఇవ్వడానికి వెనుకాడి ఉంటే వాగ్దానం రద్దయ్యేదా?

మేడగది
నేను బాధ్యత పక్షాన మాట్లాడుతున్నాను గాని, దీనికి మాత్రం రద్దయ్యేది కాదనే చెబుతాను. అన్ని జనాంగాలు నీవలన ఆశీర్వదించబడతాయన్న మాట 12:3లోనే వచ్చింది. 22లో అదే మాటకు ఒట్టు తోడైంది. హెబ్రీ 6వ అధ్యాయం ఆ ఒట్టు గురించే మాట్లాడుతూ, తనకంటే గొప్పవాడెవడూ లేడు గనుక దేవుడు తన తోడని ప్రమాణం చేశాడని చెప్పింది. విధేయత వలన వాగ్దానం పుట్టలేదు, వాగ్దానం లోపల విధేయతకు చోటు దొరికింది. అయితే ఆ చోటు ఖాళీగా ఉండవచ్చని మాత్రం నేను ఎన్నటికీ అనను.

పాత_బైండు
మోరీయా ప్రస్తావన వచ్చింది గనుక ఒక తెలుగు ముచ్చట. "దేవుడే హోమబలికి గొఱ్ఱెపిల్లను చూచుకొనును" అన్న చోట హీబ్రూ క్రియకు అసలు అర్థం "చూడడం". "యెహోవా యీరే" అన్న పేరు కూడా దాని నుంచే వచ్చింది. చూడడం, సమకూర్చడం రెండూ ఒకే మాటలో ఇమిడేలా చెప్పడానికి కొన్ని భాషలు తంటాలు పడతాయి. మన "చూసుకొంటాడు"లో అవి ఏ ప్రయాసా లేకుండా ఇమిడిపోయాయి.

ఆకుపచ్చ_సిరా
గుడారపు త్రాడు గారూ, మీ రెండు ప్రశ్నలనూ మళ్లీ చదివాను. వ్యాకరణం కోసం ఎవరూ ఒకే అధ్యాయాన్ని లెక్కలేనన్ని సార్లు చదవరు. "వెల కట్టడం", "రద్దు కావడం" అన్న మాటలు మీరే తెచ్చారు. మీకు అభ్యంతరం లేకపోతే, అసలు ఏ బాకీ గురించి అడుగుతున్నారో చెప్పండి.

గుడారపు_త్రాడు
చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మా అమ్మాయికి నాలుగేళ్ల వయసులో మెదడువాపు వచ్చింది. పదకొండు రోజులు ఐసీయూలో ఉంది. తొమ్మిదో రాత్రి, వైద్యుడు ఇక మన చేతిలో ఏమీ లేదన్నట్టుగా నా భుజం తట్టి వెళ్లిపోయిన తరువాత, నేను ఆ నడవాలో నేల మీద కూర్చొని, ఈ బిడ్డను బ్రతికిస్తే జీవితాంతం నీ సేవకే ఇస్తానని మ్రొక్కుకొన్నాను. ఆమె బ్రతికింది. ఈ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు, మా అమ్మాయికి అసలే చెప్పలేదు. వేదాంత కళాశాల వైపు ఆమె మనసు మళ్లించాలని పదిహేడేళ్లుగా మెల్లగా ప్రయత్నిస్తూ వచ్చాను. ఇప్పుడు ఆమెకు 21 ఏళ్లు. సముద్ర జీవశాస్త్రంలో పై చదువుకు సీటు వచ్చింది, వచ్చే వారం చేరాలి. మా సంఘంలో ఒక పెద్దాయన దగ్గర మనసు విప్పితే, ఆయన ద్వితీయోపదేశకాండము 23:21 తెరచి, మ్రొక్కుబడి ఆలస్యం చేయడం పాపమని చూపించాడు, గెలిపిస్తే తన ఇంటినుంచి ఎదురొచ్చినదాన్ని బలి ఇస్తానని మ్రొక్కుకొని, ఎదురొచ్చిన ఒక్కగానొక్క కూతురి విషయంలో ఆ మ్రొక్కుబడి చెల్లించిన యెఫ్తాను జ్ఞాపకం చేసుకోమన్నాడు. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. అబ్రాము నడవలేదు సరే, నేను మాత్రం ఆ నడవాలో ఖండాల మధ్య నడిచాననే అనిపిస్తోంది.

అనుమాన_తోమా
నా హాస్యాన్ని వెనక్కి తీసుకొంటున్నాను, క్షమించండి.

ఒలీవ_నూనె
నేను ఇక్కడ ఎప్పుడూ వ్రాయను, చదువుతానంతే. అలాంటి నడవాలోనే నేను కూడా కూర్చొన్నాను, దాదాపు అవే మాటలు పలికాను. నా కొడుకు బ్రతకలేదు. మీ బిడ్డ మీ మ్రొక్కుబడి వలన బ్రతికిందని మీరు నమ్మితే, నా మ్రొక్కుబడి ఆయనకు చాలలేదని నేను నమ్మవలసి వస్తుంది. కొన్నేళ్లు అలాగే నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదు. మీ బిడ్డ బ్రతికినందుకు మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను.

నాలుగో_వరుస
పై మాటల తరువాత వాదించడం కష్టంగా ఉంది. అయినా యెఫ్తాను ఉదాహరణగా చూపడం నాకు కోపం తెప్పించింది. న్యాయాధిపతులు 11:29లో యెహోవా ఆత్మ అతని మీదికి వచ్చింది; మ్రొక్కుబడి ఆ తరువాతి వచనంలో ఉంది. అంటే, బేరం అవసరం లేని చోట బేరం పెట్టాడు. హెబ్రీ 11:32 అతని పేరును విశ్వాసుల వరుసలో చేర్చిందన్నది నిజమే, కానీ ఆ మ్రొక్కుబడిని అక్కడ ఎవరూ మెచ్చుకోలేదు. పిల్లలను అగ్నిలో దహించడం గురించి, నేను ఆజ్ఞాపించలేదు, నాకు తోచనూ లేదు అని యిర్మీయా 7:31లో దేవుడే అన్నాడు.

బెరీత్_విద్యార్థి
యెఫ్తా కూతురు చంపబడలేదు, పెళ్లి లేకుండా ఏకాంతంగా జీవించిందని మధ్యయుగపు వ్యాఖ్యాత దావీదు కింహీ అభిప్రాయపడ్డాడు. ప్రాచీన రబ్బీల వ్యాఖ్యానం ఇంకొక ఘాటైన మాట చెబుతుంది: ప్రధాన యాజకుడు ఫీనెహాసు ఆ మ్రొక్కుబడిని రద్దు చేయగలిగి ఉండేవాడట. కానీ "నేను యాజకుణ్ణి, అతని దగ్గరకు వెళ్లాలా" అని ఆయన, "నేను అధిపతిని, ఆయన దగ్గరకు వెళ్లాలా" అని యెఫ్తా బిగుసుకొని కూర్చొన్నారు. ఇద్దరి పంతం మధ్య పిల్ల బలైపోయింది.

దానితో పోలిస్తే ఇస్సాకు పరిస్థితి వేరు. 90వ ఏట ఇస్సాకును కన్న శారా 127వ ఏట మరణించడాన్ని మోరీయాతో ముడిపెట్టి యూదు సంప్రదాయం అతనికి 37 ఏళ్లని లెక్కించింది. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ 25 అన్నాడు. ఏ లెక్క తీసుకొన్నా, నూరేళ్లు దాటిన తండ్రి అతన్ని బలవంతంగా కట్టివేయడం జరిగే పని కాదు.

పాత_బైండు
లేవీయకాండము 27వ అధ్యాయాన్ని మీ పెద్దాయన తెరవకపోవడం ఆశ్చర్యం. మనుష్యులను మ్రొక్కుకొన్నవారి కోసమే అది వ్రాయబడింది. 20 నుంచి 60 ఏళ్ల పురుషునికి ఏబది తులముల వెండి, స్త్రీకి ముప్పది తులములు. అంత చెల్లించలేని బీదవాడైతే అతని తాహతును బట్టి యాజకుడు వెల నిర్ణయించాలి. మనుష్యులు ఆవేశంలో మనుష్యులను మ్రొక్కుకొంటారని ధర్మశాస్త్రానికి ముందే తెలుసు. అందుకే విడిపించుకొనే దారిని దానిలోనే పెట్టింది.

అనుమాన_తోమా
ఒక్క సందేహం, ఈసారి నిజంగానే అడుగుతున్నాను. మ్రొక్కుకొన్న నాటికి ఆ పాపకు నాలుగేళ్లు. నెల నుంచి అయిదేళ్ల ఆడపిల్లకు మూడు తులములే కదా? ఏ వయసును లెక్కలోకి తీసుకోవాలి?

పాత_బైండు
మీలాంటి న్యాయవాది ఆనాడు ఉంటే యాజకులు ఆ అధ్యాయం ముందుగానే ఇంకో ఇరవై వచనాలు వ్రాయించుకొనేవారు.

మేడగది
అందరూ సహోదరుణ్ణి ఓదార్చుతున్నారు, అది మంచిదే. కానీ మ్రొక్కుబడిని మూడు తులాల లెక్కకు దించడం నాకు మింగుడుపడడం లేదు. మ్రొక్కుకొని చెల్లించకపోవడం కన్నా మ్రొక్కుకొనకపోవడమే మేలని ప్రసంగి 5:5 అంటుంది. పలికిన మాటకు బరువుంది. అయితే పలికినది ఎవరు? మీరు. ఆ రాత్రి మీరు ఇవ్వగలిగినది మీ జీవితం, మీ సమయం, మీ కష్టార్జితం. ఇచ్చింది మాత్రం మీది కానిదాన్ని. మాట నిలబెట్టుకోవాలని ఉంటే మీదాన్ని ఇవ్వండి. ఆమె పేరు ఆ లెక్కలోనుంచి కొట్టివేయండి.

గుడారపు_త్రాడు
హన్నా కూడా తనది కానిదాన్నే మ్రొక్కుకొంది కదా? పుట్టని సమూయేలును ఇస్తానంది, దేవుడు అంగీకరించాడు.

నాలుగో_వరుస
అంగీకరించాడు, కానీ అక్కడితో ఆగలేదు. 1 సమూయేలు 3లో దేవుడు ఆ పిల్లవాణ్ణి నాలుగుసార్లు స్వయంగా పేరుపెట్టి పిలిచాడు. అతడే "నీ దాసుడు ఆలకించుచున్నాడు" అని జవాబిచ్చాడు. తల్లి మ్రొక్కుబడి అతన్ని మందిరం దాకా తీసుకువచ్చింది. సేవకు పిలుపు మాత్రం అతనికే వచ్చింది. మీ అమ్మాయిని పిలవాలనుకొంటే ఆయన సముద్రం ఒడ్డున కూడా పిలవగలడు. మొదటి శిష్యులను పిలిచింది అక్కడే.

ఆకుపచ్చ_సిరా
కొత్త నిబంధన గురించిన వాగ్దానం యిర్మీయా 31:31లో ఉందని అందరికీ తెలుసు. దానికి రెండు వచనాల ముందు ఏముందో ఎవరూ ఎక్కువగా చదవరు. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయనే సామెత ఆ దినాలలో ఇక ఎవరూ పలకరని ఉంది. కొత్త నిబంధనకు గుమ్మం అదే. ప్రభువైన యేసు కడరాత్రి భోజనంలో గిన్నె ఎత్తి, ఇది నా రక్తము వలననైన క్రొత్త నిబంధన అన్నప్పుడు, నాటి చీకట్లో ఒంటరిగా ఖండాల మధ్య నడిచినవాడు ఆ నడకకు తగిన వెలను తన మీద వేసుకొన్నాడు. శాపగ్రస్తుడయ్యాడని గలతీ 3:13 ఆ మాటనే పలుకుతుంది. మీరు తిన్న ద్రాక్షకాయకు మీ అమ్మాయి పళ్లు పులియనవసరం లేదు. అయితే ఆ సంగతి ఆమెకు చెప్పవలసింది మీరే, మేము కాదు.

ఒలీవ_నూనె
ఆమెకు చెప్పండి. దాచిన మ్రొక్కుబడి ఇంట్లో అందరికీ తెలియకుండానే తెలుస్తుంది.

గుడారపు_త్రాడు
నిన్న రాత్రి చెప్పాను.

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అంటే ఇన్నేళ్లూ నువ్వు నా కోసం తెచ్చిన పుస్తకాలన్నీ బాకీ వసూలుకు వచ్చినవేనా నాన్నా?" అని అడిగింది. కొన్ని మాత్రమే అన్నాను, అది నిజం. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తరువాత 22వ అధ్యాయాన్ని తానే తెరిచి మొదటి నుంచి చివర దాకా చదివి, ఒక ప్రశ్న అడిగింది. నా దగ్గర జవాబు లేదు. 19వ వచనంలో అబ్రాహాము తన పనివారి దగ్గరకు తిరిగి వచ్చాడని ఉంది. ఇస్సాకు ఎక్కడ?

బెరీత్_విద్యార్థి
ఆ వచనంలో ఇస్సాకు పేరు లేదు. అతడు మళ్లీ కనిపించేది 24:62లో, బెయేర్ లహాయిరోయి నుంచి వస్తూ. అది హాగరు బావి. నన్ను చూస్తున్న దేవుడని ఆమె పేరు పెట్టిన చోటు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి: మోరీయా తరువాత తండ్రీకొడుకులు మాట్లాడుకొన్నట్టు ఆదికాండములో ఒక్క మాట కూడా వ్రాసి లేదు. అంత దూరం కలిసి నడిచిన ఆ ఇద్దరి మధ్య వ్రాయబడిన సంభాషణ కూడా రెండే వచనాలు, గొఱ్ఱెపిల్ల ఎక్కడ అన్న ప్రశ్న, దాని జవాబు.

గుడారపు_త్రాడు
ఈ జవాబును ఆమెకు చదివి వినిపించాను. సోమవారం కళాశాలలో చేరాలి. ఒక్కతే వెళ్తానని ముందు అంది, ఇప్పుడు నన్ను కూడా రమ్మంటోంది. రైలులో తొమ్మిది గంటల ప్రయాణం.

అనుమాన_తోమా
వెళ్లి రండి. ఈసారి సామాను మాత్రం మీరే మోయండి.